తర్వాత వచ్చే మెసేజ్

"ఆ డబ్బు పంపకక్కా!"

డబ్బు పంపే మిషన్‌లో నోట్లు పెట్టబోతున్న బుర్మకాన్ చెయ్యి ఎవరో పట్టుకున్నారు.

తిరిగి చూసింది. ముక్కూ మొహం తెలియని పిల్ల. మాసిన కోటు, నిద్రలేని కళ్లు.

"వదులు, దొంగదానా!"

కరకోల్ బజారులో ఆ కేకకి క్షణంలో జనం పోగయ్యారు. రొట్టెలమ్మే ఆవిడ వచ్చి ఆ పిల్లని ఒక్క తోపు తోసింది.

పడి లేచింది. కానీ పోలేదు. బుర్మకాన్ ఫోన్ కేసి చూపిస్తూ అంది:

"ఫోన్లో హోటళ్లకి స్టార్లు ఇచ్చే పనే కదక్కా? మొదట్లో ఐదొందల సోములు నిజంగానే ఇచ్చి ఉంటారు."

బుర్మకాన్ తెల్లబోయింది.

చేతిలో ఉన్నది తనొక్కదాని సొమ్ము కాదు. ఉన్ని ఏకే యంత్రం కొందామని, తనతో పాటు తివాచీలు చేసే ఆడవాళ్లంతా కూడబెట్టింది. అది పంపితే సాయంత్రానికి రెట్టింపు చేస్తానన్నాడు ఫోన్లో మేనేజరు. యంత్రంతో పాటు దానికో షెడ్డు కూడా వచ్చేస్తుందని ఆశపడింది.

"నేను బాగుపడితే నీకెందుకే కుళ్లు?"

"ఇప్పటిదాకా సంపాదించింది ఇచ్చెయ్యమని వాణ్ణి అడుగు. ఇస్తే నన్ను పోలీసులకి పట్టించు."

బుర్మకాన్ మెసేజ్ పెట్టి అడిగింది.

"ఇప్పుడు 'అక్కా, మీరు నాకు తల్లితో సమానం' అంటాడు చూడు," అంది పిల్ల.

ఫోన్ టింగుమంది. పొల్లు పోకుండా అదే మాట.

రొట్టెలావిడ కళ్లు పెద్దవి చేసింది. "తర్వాతేమంటాడే?"

"పన్ను కడితేగానీ డబ్బు రాదంటాడు. కట్టనంటే వాళ్లమ్మకి ఆపరేషనంటాడు."

పన్ను వచ్చింది. కట్టనంది. వెనకాలే ఆపరేషనూ వచ్చింది.

జనం గొల్లుమన్నారు.

బుర్మకాన్ ఫోన్ నోటి దగ్గర పెట్టుకుంది. "ఆపరేషన్ మీ అమ్మకి కాదురా, నీకు చెయ్యాలి! గొర్రెల కత్తెర పట్టుకుని నేనే వస్తా!" అని రికార్డు చేసి మరీ పంపింది.

నోట్లు కోటు లోపలి జేబులో కుక్కుకుని చూసేసరికి పిల్ల లేదు.

నెల తిరక్కుండానే యంత్రం వచ్చింది. ఆడవాళ్లంతా దాని చుట్టూ చేరి పులిసిన గుర్రపు పాలు తాగారు, గొంతెత్తి పాడారు. మొదటి ఉన్ని మబ్బులా పొంగి బయటికొస్తుంటే బుర్మకాన్ దాంట్లో మొహం పెట్టి చిన్నపిల్లలా నవ్వింది.

ఆ ఉన్నితో చేసిన మొదటి తివాచీ చుట్టుకుని బజారుకి పరిగెత్తింది.

"ఆ పిల్లకి ఇవ్వాలి," అంది డబ్బు మిషన్ దగ్గర కాపలా ఉండే ఆవిడతో. "దొంగా అని తిట్టాను కూడా, పాపం. ఎక్కడుంటుంది?"

"ఇక రాదు. ఇన్నాళ్లూ రోజూ ఇక్కడే నిలబడి, నీలాంటి వాళ్లందరి చేతా తిట్లు తింది. ఆ ముఠా దొరికిందిగా, సాక్ష్యం చెప్పడానికి రాజధాని వెళ్లింది. అటునుంచి అటే వాళ్లక్క దగ్గరికట."

"ఇంతకీ ఎవరా పిల్ల? పోలీసా?"

కాపలా ఆవిడ గొంతు తగ్గింది.

"ఉద్యోగమని నమ్మించి ఆ ముఠా వాళ్లు పరాయి దేశం తీసుకెళ్లి, గదిలో పెట్టి తాళం వేసి, నీ ఫోన్‌కొచ్చిన ఆ తియ్యటి మాటలన్నీ కొట్టి కొట్టి రాయించింది ఆ పిల్ల చేతే."