ఫిల్టర్లో బొత్తాం

పెద్ద వరదకు దర్జీ కొట్టు మునిగిన తర్వాత మూడో ఏడు అది. ఆ వేళ వాషింగ్ మిషను కడుపునిండా మురికినీళ్ళు పట్టుకుని మళ్ళీ ఆగిపోయింది. లోపల నీళ్ళు చల్లగానే ఉన్నాయి. బయట దర్జీ మాత్రం మరిగిపోతున్నాడు.

"ఏమే, ఉతికేముందు జేబులు చూడమని ఎన్నిసార్లు మొత్తుకోవాలి నీకు?"

"చూశానండీ. తిరగదీసి మరీ చూశాను."

"చూస్తే ఎందుకాగింది? అమ్మి పారేస్తా దీన్ని. బండమీద ఉతుక్కో."

బండమీద ఉతకడానికి దర్జీ భార్యకు భయం లేదు. కానీ కూతురు ఆ గడప తొక్కడానికి మిగిలిన దారి ఆ మిషనొక్కటే.

వరద తీశాక దర్జీ కొట్టు కడుక్కుని, కుట్టుమిషన్ల తుప్పు గీకి నూనె పోసి, కూతురు వచ్చి పక్కన కూర్చుంటుందని ఎదురుచూశాడు. ఆ పిల్ల బురద నిండిన వాషింగ్ మిషన్లు విప్పే చోట పనికి కుదిరింది. కుట్టే మిషను నేర్పితే ఉతికే మిషను పట్టుకుందని వీధంతా వినేలా అరిచాడు. ఈ గడపలోకి ఇక కూతురనేది రాకూడదన్నాడు. ఆ పిల్లా ఆయన కడుపున పుట్టిందే. సంచి సర్దుకుని పోయి వేరే గది తీసుకుంది.

మొదటిసారి మిషను ఆగినప్పుడు దర్జీ భార్య గుండె చిక్కబట్టుకుని అడిగింది, అమ్మాయిని పిలవనా అని. మెకానిక్ వస్తే తనకేం నొప్పి, కూతురు మాత్రం రాకూడదన్నాడు. ఆ ఒక్క మాటా కొంగున కట్టుకుని ఆమె బతుకుతోంది.

ఈసారీ ఫోన్ చేసింది. కూతురు పనిముట్ల పెట్టెతో వచ్చింది.

"మెకానిక్ వచ్చింది, మంచినీళ్ళివ్వు" అని దర్జీ గోడతో చెప్పాడు.

"పనయ్యాక తాగుతానని చెప్పమ్మా ఆ ఇంటాయనకి."

కూతురు నేలమీద పాతగుడ్డ పరిచింది. మిషను కింద మూలనున్న చిన్న మూత తెరిచి, పళ్ళెం పెట్టి, ఫిల్టరును మెల్లగా వదులు చేసింది. కంపు నీళ్ళు బుడబుడమంటూ వచ్చాయి. పళ్ళెం నిండినప్పుడల్లా తల్లి పారబోసి తెచ్చింది. దర్జీ నెత్తిన నిలబడి, గుడ్డ వంకరగా పరిచారనీ, నేలంతా చిత్తడి చేశారనీ, పనితనం లేని చేతికి పెట్టె ఎందుకనీ సణుగుతూనే ఉన్నాడు. పొమ్మన్నా పోడు.

ఫిల్టరు బయటికొచ్చింది. నలకల ముద్దలో తెల్లటి చొక్కా బొత్తాం.

"మళ్ళీ బొత్తామే" అంది కూతురు.

దర్జీ తోకతొక్కిన తాచులా లేచాడు. తన చొక్కాల బొత్తాలు తనే కుట్టుకుంటాడు, భార్యను సూది ముట్టుకోనివ్వడు.

"నేను కుట్టిన బొత్తాం ఊడిందని ఇన్నేళ్ళలో ఒక్కడు తిరిగి రాలేదు. ఈ దరిద్రపు మిషను నా కుట్టు పీకేస్తోంది."

"మిషను బొత్తాలు పీక్కుతినదని చెప్పమ్మా." కూతురు బొత్తాన్ని డ్రమ్ము చిల్లు మీద ఆనించి చూపింది. అందులో పట్టదు. తలుపు చుట్టూ ఉన్న రబ్బరు పట్టీకీ డ్రమ్ముకీ నడుమ సందుందని, జారితే అక్కణ్ణుంచే జారాలని చెప్పింది. పాత బ్రష్షుతో ఫిల్టరు తోమి కడిగి, తిరిగి బిగించింది.

దర్జీ విసవిసా లోపలికి పోయాడు. కూతురు గొంతు తగ్గించింది.

"అమ్మా, నిజం చెప్పు. నన్ను రప్పించడానికి నువ్వే వేస్తున్నావా?"

తల్లికి ఒళ్ళు మండిపోయింది. "నేనా? ఆయన తిట్టేదీ నన్నే, నువ్వు దొంగను చేసేదీ నన్నే. అంత తెలివే నాకుంటే ఇన్నాళ్ళూ కుమిలి ఏడుస్తానా?"

కూతురి కోపమూ పైకొచ్చింది.

"నేను మాత్రం ఎన్నాళ్ళని రానమ్మా ఇలా, పరాయిదానిలా? పిలిస్తే కూతురని పిలవాలి. లేకపోతే లేదు."

పెట్టెలోంచి ఒక వల సంచి తీసి తల్లి చేతిలో పెట్టింది. బట్టలన్నీ అందులో వేసి జిప్పు లాగమంది. బొత్తాం ఊడినా సంచిలోనే ఉంటుందనీ, ఇక మిషను ఆగదనీ, తను రానక్కర్లేదనీ చెప్పింది. ఆ చివరి మాట లోపలి గదికి వినబడేలా చెప్పింది.

"పీడా పోయింది" అని లోపలినుంచి వినిపించింది. తలుపు దభాలున పడింది.

కూతురు వెళ్ళిపోయింది. మంచినీళ్ళ గ్లాసు పెట్టింది పెట్టినట్టే ఉంది. ఆ పూట దర్జీ అన్నం ముందు కూర్చుని, ఉప్పు లేదని కంచం తోసేశాడు. ఉప్పు సరిగ్గానే ఉంది. కూతురి దారి మూసేసినవాడితో ఇక మాటలేమిటనుకుంది ఆమె.

మర్నాడు పొద్దున ఆమె బట్టలన్నీ వల సంచిలో కుక్కింది. జిప్పు లాగుతుంటే, పిల్ల ముఖాన తలుపేసినట్టే ఉంది. సంచి డ్రమ్ములో పడేసి, సబ్బుపొడికి వంటింట్లోకి వెళ్ళింది.

తిరిగొచ్చి గుమ్మంలోనే ఆగిపోయింది. మిషను ముందు దర్జీ గొంతుక్కూర్చుని ఉన్నాడు. దారాలు తెంపే చిన్న కత్తెర చేతిలో ఉంది. పళ్ళు కొరుకుతూ ఆ వల సంచిని తిడుతున్నాడు.

తన చొక్కా బొత్తాం కత్తిరించి, రబ్బరు సందులోకి దూర్చాడు.