తీజా చీర

దాలమ్మ ఆటో దిగేసరికి రేషన్ దుకాణం ముందు వరస రోడ్డు దాకా సాగి ఉంది. రాయపూర్ తెలీబంధాలో నెలాఖరు ఎప్పుడూ అంతే. ఆ రోజు దాటితే ఆ నెల బియ్యం పోయినట్టే. పైగా మధ్యాహ్నానికల్లా తలుపులు వేసేస్తారు.

వరసలో అందరి కళ్ళూ ఆమె మీదే పడ్డాయి. పడవా మరి? కొత్త వాసన ఇంకా పోని ఎర్రంచు చీర. మోచేతి దాకా గాజులు. తలనిండా కనకాంబరాలు. ముఖానికీ చేతులకీ పాదాలకీ దట్టంగా పసుపు. చంకలో మాత్రం ఖాళీ గోనెసంచి.

"చూశావా రాజశ్రీ," అంది ఉమారాణి. ఆవిడ రిటైరైన రైల్వే గార్డు గారి భార్య. ఆవిడది డబ్బు కట్టి బియ్యం తీసుకునే కార్డు. ఆ సంగతి రోజుకి ఒకరికైనా చెప్పందే ఆవిడకి తోచదు. "టాక్సులు మనవి, తిండి వీళ్ళది. ఫోకట్ బియ్యానికి ఆటో కట్టించుకుని మరీ వస్తున్నారు."

"తీజా రోజులు కదా పిన్నీ. ముస్తాబయ్యింది పాపం," అంది వెనకనున్న రాజశ్రీ.

రాయపూర్‌లో భాద్రపదం వస్తోందంటే తీజా సందడే. పెళ్ళయిన ఆడపిల్లకి అన్నదమ్ములు చీర పెడతారు. ఆ పిల్ల మొగుడు చల్లగా ఉండాలని ఉపవాసం చేస్తుంది. ఎప్పుడో రైలు పనులకని వచ్చి అక్కడే ఉండిపోయిన తెలుగువాళ్ళ ఇళ్ళలోకి కూడా ఆ పండగ వచ్చి కూర్చుంది.

"ఏమమ్మా, తెలుగేనా?" ఉమారాణి వెనక్కి తిరిగి అడిగింది.

"తెలుగేనమ్మా. సీకాకులం కాడ."

"చీర బాగుంది. ఎవరు పెట్టారు?"

"మాయన్న."

"నేననలా?" అంది ఉమారాణి అందరికీ వినబడేట్టు. "చీర అన్న పెట్టె, బియ్యం సర్కారు పెట్టె. ఇంక మీ ఆయనేం పెడతాడే?"

వరసంతా నవ్వింది. దాలమ్మ తల వంచుకుంది.

"సేనా పెట్టినాడమ్మా. టాటీబంధ్‌లో లారీలకి సిమెంటు బస్తాలెత్తి పెట్టినాడు."

"అంత మొనగాడైతే నీకీ సంచెందుకు?"

దాలమ్మ పొద్దు ఎంత ఎక్కిందో ఒకసారి చూసుకుంది.

అది చూసి రాజశ్రీ ఆమెని తమ ఇద్దరికంటే ముందు నిలబెట్టింది. కాసేపటికి ఆమె వంతు వచ్చింది. కార్డులో ఉన్నవి రెండే పేర్లు, మొగుడు దానయ్యదీ ఆమెదీ. ఇద్దరిలో ఒకరి బొటనవేలు మిషన్ మీద పడితేనే బియ్యం. ఏళ్ళ తరబడి తెలుగు రైల్వే ఇళ్ళవాళ్ళకి తూచీ తూచీ దుకాణం ప్రేమ్‌చంద్‌కి కాస్త తెలుగు అబ్బింది. ఆమె వేలు పట్టుకుని నొక్కాడు. ఎర్రదీపం. మళ్ళీ నొక్కాడు. మళ్ళీ ఎర్రదీపమే.

"అరే అమ్మా, ఇంత హల్దీ రాస్తే ఎలాగ? దానయ్య వేలు సిమెంటుకి అరిగిపోయింది, నీ వేలు హల్దీలో మునిగిపోయింది. ఇద్దరూ నా మిషన్‌కి దుష్మన్లే." నవ్వాడు. "నెలనెలా వాడే వస్తాడు కదా. ఏడీ?"

"రానేడు బాబూ."

"తీజా నీకు, ఛుట్టీ వాడికా? సరే, అదిగో నల్లా. కడుక్కుని రా."

దాలమ్మ తన చేతిని చూసుకుంది.

"ఇంకో యేలు సూడండి బాబూ. కడగమనకండి. ఇంటినిండా సుట్టాలున్నారు. మద్దేన్నం అన్నాలు పెట్టాల."

"అన్ని వేళ్ళకీ అదే రంగు కదమ్మా. కడగకపోతే బియ్యం లేవు. నేనేం చెయ్యను?"

ఆమె నల్లా దగ్గరికి నడిచింది. నాలుగు వేళ్ళూ గుప్పిట్లో గట్టిగా దాచుకుని, ఒక్క బొటనవేలే నీళ్ళకి చాపింది. చుక్కనీరు పక్కకి జారకుండా, వేలి కొస మాత్రమే, మెల్లగా రుద్దింది.

"బంగారం కరిగిపోతున్నట్టు కడుగుతోంది చూడు," అంది ఉమారాణి. "ఇక్కడ మా కాళ్ళు పీకుతున్నాయి తల్లీ. ఫోకట్ బియ్యానికి ఇంత సింగారం నేనెక్కడా చూళ్ళేదు."

ఈసారి పచ్చదీపం వెలిగింది.

ప్రేమ్‌చంద్ బియ్యం తూచి సంచిలో పోశాడు. దాలమ్మ వంగి ఎత్తుకోబోయింది. రాజశ్రీకి మనసొప్పక వరస వదిలి వచ్చి చెయ్యి వేసింది.

"గాజులు తీసి కొంగున కట్టుకో అక్కా. గోనె తగిలితే చిట్లుతాయి."

"ఉండనీ తల్లీ," అంది దాలమ్మ. కొంగు తీసి గాజుల మీదుగా చేతులకి చుట్టుకుంది.

సంచి తల మీదికి ఎత్తబోతుంటే కనకాంబరాల దండ జారింది. రాజశ్రీ అందుకుని జడలో మళ్ళీ తురిమింది.

"గట్టిగా పెట్టు తల్లీ. సాయంత్రం దాకా ఉండాల."

"సాయంత్రం ఎక్కడికో?" ఉమారాణి ఊరుకోలేదు.

"ఖారున్ నది కాడికమ్మా."

"విన్నావా రాజశ్రీ. బియ్యానికి బియ్యం, పైన నది ఒడ్డున షికారు. మా ఆయన ఇన్నేళ్ళలో నన్ను ఈ తెలీబంధా చెరువు గట్టు మీదికైనా తీసుకెళ్ళలేదు. రాసిపెట్టి ఉండాలమ్మా, ఇలాంటి రాత."

వరసంతా మళ్ళీ నవ్వింది. దాలమ్మ కడిగిన వేలిని కొంగులో దాచుకుని ఆటో ఎక్కి, సంచి ఒళ్ళో పెట్టుకుంది.

ఆ సాయంత్రం ఖారున్ ఒడ్డున దానయ్య పదోరోజు కర్మలో, ఆ పూలు తెంపి, ఆ గాజులు చిట్లగొట్టి, మిగిలిన నాలుగు వేళ్ళ పసుపూ కడిగేశారు.