బిడ్డ బాగానే ఉంది

"దీన్నిలా చేసింది మీరే. వచ్చిన ప్రతిసారీ బిడ్డని తూచారు, బిడ్డ తల కొలిచారు, బిడ్డ చెవిలో లైటేసి చూశారు. కన్నదాని ముఖం ఒక్కరైనా చూశారా?"

పిల్లల డాక్టరు చేతిలో సిరంజి అలాగే ఉండిపోయింది. నర్సు గబగబా తలుపు వేసింది. వేసి ఏం లాభం, వరండాలో తల్లులందరికీ వినబడనే వినబడింది. కండక్టరమ్మ గొంతు అలాంటిది. బస్సులో ఆఖరి సీటు దాకా వినబడేలా ఉద్యోగమంతా టిక్కెట్ టిక్కెట్ అని అరిచిన గొంతు, రిటైరైనా తగ్గలేదు.

ఇల్లాలు బల్ల మీది తన బిడ్డ వైపు చూడటం లేదు. గోడ వైపు చూస్తోంది. "వద్దమ్మా, నాకేం లేదు," అంది.

"కాన్పయ్యాక కొన్నాళ్లు దిగులుగానే ఉంటుంది. అదే సర్దుకుంటుంది," అన్నాడు డాక్టరు. "బిడ్డ బాగానే ఉంది."

"బిడ్డ సంగతి నేనడిగానా?"

భర్త గొంతు సవరించుకున్నాడు. లిఫ్టులు బాగుచేసే మనిషి, మాటలు తక్కువ. "నేను చెయ్యేస్తే ఉలిక్కిపడుతోందండీ. దగ్గరికెళ్తే ఇంకేం చేటు చేస్తానోనని భయం. హాల్లో పడుకుంటున్నా."

"హాల్లోకి తరిమింది నేనే. తను పిలిచేదాకా మంచం జోలికెళ్లకు, అప్పటిదాకా తల దువ్వు అన్నాను. దువ్వుతున్నాడు. చిక్కు తియ్యడం రాక సగం జుట్టు పీకాడనుకోండి."

"ఇప్పుడు బాగానే వస్తోంది కదా అత్తయ్యా," అన్నాడతను. ఇల్లాలి పెదవి కొస కాస్త కదిలింది.

ఈ కండక్టరమ్మ, కాన్పయిందని తెలిసిన రోజే ఎవరూ పిలవకుండా పెట్టె పట్టుకుని దిగింది. బిడ్డ ఏడిస్తే లేచేది ఆమె. గుడ్డలు ఉతికేది అల్లుడు. కింది వాటా ఆవిడ మెట్ల మీద ఆపి, "కూతురి దగ్గరికి మొగుణ్ణి రానివ్వవట, ఇక కాపురం ఏం కావాలి?" అంటే, "కాపురం చెయ్యడానికి ముందు మనిషుండాలి. జరుగు," అని దారి చేసుకుని పోయింది. ఇలాంటి మనిషి ఇంటికొకరుంటే ఎందరు ఆడవాళ్లు తేరుకుందురు.

"పొద్దున ఏమన్నావో చెప్పవే," అంది కండక్టరమ్మ.

ఇల్లాలు మళ్లీ గోడ వైపు తిరిగింది. భర్తే చెప్పాడు, నేల చూస్తూ. "తను లేకపోయినా పాప పెరుగుతుందట."

డాక్టరు సిరంజి పక్కన పెట్టి, కుర్చీ మొదటిసారి ఇల్లాలి వైపు తిప్పాడు. "నిజంగా అలా అనిపిస్తోందా అమ్మా?"

ఆమె తలూపింది. "పాప బాగుందని అందరూ సంతోషంగా ఉంటే, నేనెలా చెప్పను?"

"పై అంతస్తులో మనసుకి వైద్యం చేసే డాక్టరున్నారు. రేపు..."

"రేపు కాదు. ఫోన్ ఇప్పుడే తియ్యండి. బిడ్డని నేను పట్టుకుంటాను, అల్లుడు తన పక్కనే కూర్చుంటాడు. ఆ డాక్టరుకి చూపించందే మేం ఇంటికెళ్లం."

నర్సు ఇల్లాల్ని చెయ్యి పట్టుకుని లేపి, నెమ్మదిగా మెట్ల వైపు నడిపించింది. భర్త వెంట వెళ్లాడు.

డాక్టరు ఫోన్ అందుకున్నాడు. "చేస్తున్నానమ్మా. కన్నకూతురంటే ఆ మాత్రం కంగారు ఉంటుందిలెండి."

కండక్టరమ్మ గొంతు తగ్గించింది.

"నా కూతురు ఇలాగే పోయింది డాక్టరుగారూ, అల్లుడి రెండో భార్యనైనా బతికించండి."