నాలుగు వేళ్ల గుడ్డ

2004 జూన్ 9, బుధవారం. వంట, ఉతుకుడు, బియ్యం ఏరడం అయ్యాయి. మిగిలింది ప్యాంటు ఒక్కటే.

ఇంటర్వ్యూలకు మా ఇద్దరు కొడుకులకూ కలిపి ఉన్నది ఒకటే మంచి ప్యాంటు. పెద్దవాడు దేవిదాస్ పొడుగు, చిన్నవాడు నవనీత్ పొట్టి. అందుకే కింద మిషన్ కుట్టు వేయించలేదు. చిన్నవాడు వెళ్లే రోజు నాలుగు వేళ్ల గుడ్డ లోపలికి మడిచి చేత్తో తురపాయి చేస్తాను. పెద్దవాడు వెళ్లే రోజు మళ్లీ విప్పి పొడుగు చేస్తాను. రెండేళ్లుగా ఇదే పని. సూది గుచ్చుకుని గుచ్చుకుని వేళ్లు మొద్దుబారాయి.

రేపు నవనీత్‌కు నిజామాబాద్‌లో ఇంటర్వ్యూ. సూదిలో దారం ఎక్కిస్తుంటే దేవిదాస్ వచ్చి ప్యాంటు లాక్కున్నాడు.

“ఎన్నిసార్లు విప్పుతవ్, ఎన్నిసార్లు కుడతవే అమ్మా? టైలర్ తోని మిషన్ కుట్టు ఏపిచ్చుకొస్త.”

నాకు ఒళ్లు మండింది. “నీ పొడుగుకు ఖాయం చేపిస్తే తమ్ముడు రేపు ఏమేసుకొని పోతడురా? నీ లుంగీనా?”

నవ్వుకుంటూ వెళ్లిపోయాడు.

సాయంత్రం ప్యాంటు తెచ్చి నా ఒడిలో పెట్టాడు. అది నవనీత్ కొలతకు కుట్టి ఉంది. లోపల మడత లేదు. ఎక్కువైన గుడ్డ కత్తిరించేశారు. ఇక విప్పినా పొడుగు కాదు.

“మరి నీకురా?”

“రేపటి సంది కోటగిరిల ట్రాక్టర్ నడుపుత. దానికి గీ ప్యాంటెందుకు?”

కత్తిరించిన రెండు ముక్కలు నా చేతిలో పెట్టాడు.

“చిన్నప్పటి సంది వాడు నేను ఇడిసిన బట్టలే తొడుక్కున్నడు. ఇగ ఆ బాకీ తీరిందే అమ్మా.”