తడిసిన బొంత

“బొంత కవచం లోపల, అమ్మమ్మా. పైన కాదు,” అంది మనవరాలు, గుప్పిట్లో పాచికలు ఆడిస్తూ.

“తెలుసులేవే. ఒకసారి చచ్చాక కూడా తెలీకపోతే ఎలా?”

ఆటలో తన మొదటి యోధుణ్ణి ఆమే చంపుకుంది. నలభై ఏళ్ళు పరుపులు కుట్టిన చెయ్యి; పరుపు మీద దుప్పటి పరిచినట్టు ఇనప కవచం మీద బొంత తొడిగింది. వంతెన దగ్గర రాక్షసుడు గదతో ఒక్కటిచ్చాడు. కవచం చెక్కు చెదరలేదు, లోపలి మనిషి ఎముకలు మాత్రం పిండయ్యాయి. ఆ వారమంతా ఆట నియమాల పుస్తకం కుట్టుమిషను మీదే ఉంది. కత్తిని ఆపేది ఇనుము, దెబ్బను మింగేది దాని కింద దట్టంగా కుట్టిన దూది. అది చదివి, “రాసినవాడెవడో పని తెలిసినవాడే,” అనుకుంది.

ఇప్పుడు రెండో యోధుడు కోటకు ఆరు గళ్ళ దూరంలో ఉన్నాడు. ఒంటికి బొంత, దాని మీద కవచం, ఆపైన మెడపట్టీ, మోకాలి చిప్పలు. ఒక్కో సామానుకు ఒక్కో చీటీ. పోయిన వారం ఆటలోని సంతలో తీసిన చీటీ మాత్రం ఆమె ముందు బోర్లా ఉంది. సంత చీటీని వాడేటప్పుడే చూపించాలి.

గుమ్మం పక్కన మనవరాలి పెట్టె సర్ది ఉంది. ఐదింటికి బస్సు. ఊరుగాని ఊళ్ళో కొత్త ఉద్యోగం.

“ఈ పూట కోట చేరాల్సిందే. మళ్ళీ ఎప్పుడొస్తానో.”

“ఎప్పుడొస్తావు?”

“మొదటి ఏడాది సెలవులడిగితే బాగుండదట.”

“మీ పిన్నీ అలాగే అంది. ఆరేళ్ళయింది.”

“పిన్ని సంగతి వేరు.”

“ఎవరి సంగతి వాళ్ళకి వేరే.” అమ్మమ్మ కళ్ళజోడు సరిచేసుకుంది. “వెయ్యి పాచిక.”

రాక్షసుడి గద దెబ్బకి పాచికల్లో ఎనిమిది పడింది.

“బొంతకి అయిదు పోతాయి. మెడపట్టీకి రెండు,” అమ్మమ్మ వేళ్ళు మడిచింది. “ఒక్కటే గాయం. వెళ్ళి నీ రాక్షసుణ్ణి పడుకోమను.”

“అబ్బో. ఇంక ఆరు గళ్ళే. రెండు వంతుల్లో లోపలుంటావు.” మనవరాలు వాతావరణం కట్టలోంచి ఒక చీటీ తీసింది. ముఖం వాడిపోయింది. “వాన. దూది తడిస్తే బరువు మూడింతలు. ఎండలో ఆరేదాకా అడుగు పడదు.”

“తడిసిన దూది సంగతి నాకు చెప్తున్నావా?”

“మైనపు గుడ్డ కప్పితే తడవదు. నీ సంత చీటీ ఏంటి?”

“లాంతరు.”

“చూడనీ.”

“వాడేటప్పుడే చూపించాలన్నది నువ్వేగా?”

గడియారంలో నాలుగున్నర. మనవరాలు పాచికలు డబ్బాలో వేసింది. “పోనీలే, నువ్వే గెలిచినట్టు అనుకుందాం.”

“సగంలో వదిలిన పని ఈ ఇంట్లో ఏదైనా చూశావా? పరుపైనా అంతే, ఆటైనా అంతే.”

“మరేం చెయ్యమంటావు?”

“వాడు ఇక్కడే నిలబడతాడు. ఆరాక నడుస్తాడు. పాచిక వెయ్యడానికి నువ్వు రావాలి.”

“నేనెక్కడ...” మనవరాలు గళ్ళలో ఒంటరిగా నిలబడ్డ బొమ్మ వంక చూసింది. తర్వాత అమ్మమ్మ వంక. “ఎంత మొండిదానివే నువ్వు. సరే, రెండు నెలల్లో వస్తాను. ఏమనుకున్నా సెలవు అడుగుతాను. బల్ల మీద ఏదీ కదపకు.”

“కదపను.”

బస్సు మలుపు తిరిగేదాకా నిలబడి, ఆమె ఇంట్లోకి వచ్చింది. దుమ్ము పడకుండా ఆట మీద పల్చటి దుప్పటి కప్పబోయి, ఆగి, సంత చీటీని మాత్రం తీసి కళ్ళజోడు పెట్టెలో అడుగున దాచింది.

అది మైనపు గుడ్డ.