మేనల్లుడి హక్కు

“పిడి కదపకు! ఊపిరి కూడా మెల్లగా పీల్చు!” జోలొన్ కసిరాడు.

బురుల్ మోటారు సైకిలు పిడి పట్టుకుని కొయ్యబొమ్మలా నిలబడింది. వంటింట్లోంచి పాలు మాడిన వాసన వస్తోంది. ఆమె మొగుడు జోలొన్ మాత్రం బండి పక్కన నేలమీద పడుకుని, స్క్రూడ్రైవర్ ఒక కొన ఇంజనుకీ రెండో కొన చెవికీ ఆనించి వింటున్నాడు. చలికాలమంతా ముక్కముక్కా విప్పి, తోమి, మళ్ళీ బిగించిన పాత సోవియట్ బండి అది. పక్కన మనిషి కూర్చునే తొట్టి కూడా ఉంది. కుడివైపు ఒక కార్బొరేటర్, ఎడమవైపు ఒకటి. రెండూ సమంగా గాలి పీల్చుకోకపోతే బండి కుంటుతుంది.

“పాలు పొంగిపోయాయయ్యా!”

“ష్! ఎడమది అలిగింది.” అతను మరను వెంట్రుకవాసి తిప్పాడు. “రా బంగారం... రా తల్లీ... అక్కతో గొంతు కలుపు.”

బంగారమట! బురుల్‌కి ఒళ్ళు మండిపోయింది. తనని ఆ మాటతో పిలిచి ఎన్నేళ్ళయింది? మొన్న తను జ్వరంతో ఖళ్ళుఖళ్ళున దగ్గితే ఈ మనిషి దుప్పటి తీసి చూడలేదు. ఇది ఒక్క దగ్గు దగ్గితే చాలు, తింటున్న రొట్టె వదిలేసి పరుగెత్తుకొస్తాడు. మనిషి సవతయితే జుట్టు పట్టుకుని వీధిలోకి ఈడ్చేసేది. దీనికి జుట్టు కూడా లేదాయె!

పిడి వదిలేసి చరచరా ఇంట్లోకి వెళ్ళింది. మాడిన గిన్నె దించి, ఆడపడుచు కొడుకు ఎర్మెక్‌కి ఫోన్ చేసింది.

“ఒరేయ్, మందని కొండమీది పచ్చికకి ఎప్పుడు తోలుతున్నావు?”

“తమ్ముళ్ళు తోలుకెళ్ళిపోయారు అత్తా. రేపు నేనూ పోతున్నా. ఏం?”

“పోతూపోతూ ఇటొచ్చి మీ మామని బండి అడుగు.”

“అమ్మో! అది మామ ప్రాణం. ఇస్తాడా?”

“చచ్చినట్టు ఇస్తాడు. మేనల్లుడివి కాదూ? మేనమామ ఇంట్లో మూడు కోరికలు నీ హక్కు. మూడింట్లో ఒక్కటి వాడుకోరా నాయనా, నీకు పుణ్యముంటుంది.”

మేనల్లుడు రావడం కన్నా ఏడు తోడేళ్ళు రావడం నయమని ఆ కొండసీమ పెద్దలు ఊరికే అనలేదు. తోడేలునయితే తరిమెయ్యొచ్చు. మేనల్లుడు నోరు తెరిచి అడిగాక కాదంటే మేనమామ పరువు గంగలో కలిసినట్టే.

మర్నాడు ఎర్మెక్ వచ్చాడు. బురుల్ వాడికి నూనెలో వేయించిన పిండి ముక్కలు, వేడివేడి బోర్సోక్‌లు మీగడతో కొసరి కొసరి పెట్టింది. బయట జోలొన్ బండికి కిక్కు కొట్టాడు. రెండువైపులా ఒకటే శబ్దం, మెత్తగా, ఎక్కడా తడబాటు లేకుండా. వినడానికి బాగానే ఉంది. అదే బురుల్‌కి మరీ మంట.

ఎర్మెక్ మూతి తుడుచుకుని బయటికెళ్ళాడు. “మామా, ఈ బండి నాకు కావాలి.”

జోలొన్ ముఖం పాలిపోయింది. “గొర్రె తీసుకోరా. పోనీ, రెండు తీసుకో. ఆ ఎర్ర గుర్రం చూశావా, దాన్ని...”

“బండే కావాలి మామా.”

“మేనల్లుడు అడిగితే బేరాలాడతావేమయ్యా?” బురుల్ గుమ్మంలోంచి అందుకుంది. “రేపు ఊళ్ళో తలెత్తుకు తిరగొద్దూ?”

జోలొన్ గుడ్డతో చేతులు తుడుచుకున్నాడు. తుడిచిందే తుడిచాడు. చివరికి తాళం వాడి చేతిలో పెట్టాడు. బురుల్‌కి ఒక్క క్షణం జాలేసింది. పీడా విరగడైందన్న సంతోషం ముందు ఆ జాలి నిలవలేదు. రాత్రికి మొగుడికి ఇష్టమైన మాంసం వేపుడు చెయ్యాలనుకుంది.

ఎర్మెక్ బండెక్కాడు. జోలొన్ ఇంజను మీద చెయ్యి వేసి గొణిగాడు. “పైకెళ్తే గాలి పలచబడుతుందిరా. ఇక్కడి సర్దుబాటు అక్కడ పనికిరాదు. నల్లపొగ కక్కుతుంది. రెంటినీ మళ్ళీ కలపాలి.”

“ఎలా కలుపుతారు మామా?”

“చెవితో.”

“నా చెవికి గొర్రెల అరుపు తప్ప ఇంకేం తెలుసు?” ఎర్మెక్ తల గోక్కున్నాడు. గుమ్మంలోని అత్తని చూశాడు, మామని చూశాడు. “అయితే మామా, రెండో కోరిక కూడా అడిగేస్తున్నా.”

“ఇంకేం మిగిలిందిరా నా దగ్గర?”

“నువ్వు! మంచు పడేదాకా నాతో పైనే ఉండాలి.”

బురుల్ గుమ్మం దిగి వచ్చింది. “ఒరేయ్, ఒరేయ్! ఏం మాటరా అది?”

“ఏం చెయ్యనే? మేనల్లుడు అడిగాడు,” అన్నాడు జోలొన్. “ఊళ్ళో తలెత్తుకు తిరగొద్దూ?” ఆ మాట పూర్తయ్యేసరికే పనిముట్ల సంచీతో సహా తొట్టిలో కూర్చున్నాడు. పెళ్ళినాడు కూడా ఆ ముఖం అంతలా వెలగలేదు.

బండి కదిలింది. వేసవి వేసవంతా ఒకే గుడారం దగ్గర ఆయనా, అదీ! పొద్దున లేస్తే బంగారం, రాత్రయితే తల్లీ! ఎర్మెక్ వెనక సీటు ఖాళీగా కనిపించింది. బురుల్ చేతిలోని గరిటె అక్కడే పారేసి వీధిలోకి పరుగెత్తింది.

“ఆగరా సచ్చినోడా! నీకింకో కోరిక మిగిలుందిగా... నన్నడుగు!”