వద్దన్న కబురు

మార్కాపురం పలకల గనుల దారిలో, చెప్పు తెగిన ఒకాయన సువార్తమ్మ గుడిసె ముందు ఆగి మంచినీళ్ళు అడిగాడు.

తెల్లబట్టలు, భుజాన సంచి, ఎండకు కమిలిన మొహం. ఇంకేముంది, ఊళ్ళు తిరిగే బోధకుడే అనుకుంది సువార్తమ్మ. వండిన పూటల్లా దేవుడికని పిడికెడు తీసి దాచిన బియ్యం కుండ దించి, గబగబా ఎసరు పెట్టింది.

“ఎందుకమ్మా నీకు శ్రమ?”

“మీకు కాకపోతే ఇంకెవరికి అయ్యగారూ ఈ బియ్యం? కూచోండి!”

ఆయన తింటూ మాట్లాడాడు. అబ్బ, ఏం మాటలవి! అదొక గొప్ప పట్టణమట. వీధుల నిండా జెండాలూ పూలూనట. నిన్నటిదాకా తుపాకులతో కాల్చుకున్న దేశాల పిల్లలే, నల్లవాళ్ళూ తెల్లవాళ్ళూ చేతులు పట్టుకుని పాడారట. ఇంక యుద్ధం వద్దని ఒట్టేసుకున్నారట.

సువార్తమ్మ కళ్ళు మూసుకుంది. ఆ పాట తన చెవులకూ వినపడుతున్నట్టే ఉంది.

అంతలో కొడుకు గుర్తొచ్చాడు. ఒక్కగానొక్క కొడుకు గిద్యోను ఆమెతో పోట్లాడి, బాప్తిస్మమైనా తీసుకోకుండా పట్టాళంలో చేరిపోయాడు. యుద్ధంలో, ఇటలీలో కనపడకుండా పోయాడని తంతి వచ్చింది. ఇక చచ్చిపోయినట్టే అనుకుంది. పోయినవాడు పరలోకం చేరాడో లేదోనన్న దిగులు ఆమెను తినేస్తోంది.

“మీరు కళ్ళారా చూసినారా అయ్యగారూ?”

“చూసే వచ్చినానమ్మా.”

“ఆడ... నా బిడ్డ కనపడినాడా? పలకరాయి తగిలి ఎడం చెవి సగం తెగి ఉంటాది.”

ఆయన చేతిలో ముద్ద ఆగిపోయింది.

“నీ కొడుకా! మాకు రొట్టెలు పంచినాడమ్మా. తెలుగు వినపడగానే నన్ను కావలించుకొని ఏడ్చినాడు. అక్కడ వేరే పేరుతో పిలుస్తారు.”

కొత్త పేరు! పరలోకంలో కొత్త పేరు ఇస్తారని గ్రంథంలో రాసి ఉన్నదే కదా. సువార్తమ్మకు ఏడుపూ నవ్వూ కలిసి వచ్చాయి.

“అమ్మకు నా మీద కోపం పోయిందో లేదో అన్నాడమ్మా.”

“కోపమా? నా తండ్రి మీద నాకేం కోపం!”

“అయితే రమ్మని కబురు పంపేదా?”

“వద్దులే అయ్యగారూ. అంత మంచి చోటు వదిలిపెట్టి ఈ కరువు నేలకు ఏం రావాల? నేనే పోతా గదా వాడి దగ్గరికి.”

“చానా దూరమమ్మా!”

“అందరం పోవాల్సిందేగా.”

ఆయన అర్థంకాక నవ్వి, దండం పెట్టి వెళ్ళిపోయాడు. ఎన్నాళ్ళకో సువార్తమ్మ కంటినిండా నిద్రపోయింది.

వారం తిరక్కముందే బడిపంతులు సుందరరాజు వగరుస్తూ వచ్చాడు.

“సువార్తక్కా, నీ ఇంట్లో అన్నం తిన్నాయన్ని గిద్దలూరు దగ్గర పోలీసులు పట్టుకొని పోయినారంట! ఏ జైల్లో వేసినారో ఎవరికీ తెలీదు.”

“అయ్యో, వాళ్ళ చేతులిరిగిపోను! బోధకుణ్ణి పట్టుకుంటారా? పరలోకంలో జెండాలూ, అన్ని దేశాల పిల్లలూ, వాళ్ళ పాటలూ... ఎంత బాగా చెప్పినాడని!”

సుందరరాజు తెల్లబోయాడు.

“ఆయన బోధకుడు ఏంది అక్కా, కమ్యూనిస్టు! నీకు చెప్పింది యూరపులో ఉండే ప్రాగ్ పట్టణం సంగతి. ప్రపంచ యువజనోత్సవానికని ఓడెక్కి పోయి తిరిగొచ్చినాడు.”

సువార్తమ్మ ఖాళీ బియ్యం కుండను ఒళ్ళోకి తీసుకుంది.

“అయితే పంతులూ... చచ్చిపోయినోళ్ళు ఆడ ఉండరా?”

“బతికున్నోళ్ళేనక్కా అక్కడ ఉండేది.”